పీజీ రివైండ్: నాలుగేళ్లు వాడాక

రొయ్యల మేత డిస్ట్రిబ్యూటర్ దగ్గర సర్వర్లు చూస్తుంటాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 13. ప్రైమరీ (రాతలన్నీ పడే అసలు సర్వర్) నెల్లూరులో, స్టాండ్‌బై (దాని నకలు ఉంచుకునే సర్వర్) ఒంగోలులో. ప్రైమరీ అందకపోతే రెప్‌ఎంజీఆర్ అనే టూల్ స్టాండ్‌బైని తనే ప్రైమరీ చేసేస్తుంది. ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. పడిపోయినదాన్ని లేపి మళ్లీ స్టాండ్‌బైగా కూర్చోబెట్టేటప్పుడే టెన్షన్. దానికి నేను వాడేది పీజీ రివైండ్, పాత ప్రైమరీని వెనక్కి తిప్పి కొత్తదానితో సమం చేసే పోస్ట్‌గ్రెస్ టూల్.

మొదటిసారే మొండికేసింది. పోస్ట్‌గ్రెస్‌లో వాల్ లాగ్ హింట్స్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి, లేదంటే డేటా చెక్‌సమ్‌లైనా (పాడైన డేటాను పట్టే తనిఖీ అంకెలు) ఉండాలి. నేను రెండూ పెట్టలేదు. ఫెయిలోవర్ (స్టాండ్‌బై ప్రైమరీగా మారడం) అయ్యాక పెట్టి లాభం లేదు. 340 జీబీ మొత్తం 100 ఎంబీపీఎస్ లైన్ మీద పీజీ బేస్‌బ్యాకప్ అనే పూర్తి కాపీ టూల్‌తో లాగాను. తెల్లారింది. ఇప్పుడు రివైండ్‌తో పావుగంట పని, మారిన బ్లాకులే తెస్తుంది కాబట్టి.

రెండోసారి అసలు భాగోతం. కావలి దగ్గర ఫైబర్ తెగింది. నెల్లూరు పోయిందనుకుని ఒంగోలు ప్రైమరీ అయిపోయింది. నెల్లూరు సర్వర్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది, గోడౌన్లో బిల్లులు పడుతూనే ఉన్నాయి. "అన్నా, మేం వేసిన బిల్లులు ఒంగోలోళ్లకి కనపడట్లేదంట, ఏందిది?" అని ఫోన్ వచ్చేసరికి 43 బిల్లులు. రివైండ్ కొడితే అవన్నీ గల్లంతే, మాట మాత్రం అడగదు. ముందు గోడౌన్ వాళ్లను ఆపి, ఆ బిల్లులు ఫైల్లోకి తీసి, ఒంగోలులో చేత్తో ఎక్కించాను. రెండు వైపులా అవే బిల్లు నంబర్లు పడ్డాయి, ఆ తలనొప్పి వేరే.

తర్వాత నెల్లూరులో విట్‌నెస్ సర్వర్ పెట్టాను, అంటే ఓటు కోసమే ఉండే మూడో సర్వర్; అది కూడా కనపడకపోతే స్టాండ్‌బై తనంతట తాను ప్రైమరీ కాదు. ఇప్పుడు లైన్ తెగితే ఒంగోలు కదలదు. నెల్లూరు ఆఫీసు మొత్తం కరెంటు పోయినా కదలదు, నేనే దాన్ని ప్రైమరీ చేయాలి. ఆ బేరం నాకు సమ్మతమే.

ఇంకో సంగతి: డేటా ఫోల్డర్లో ఉంటే సెట్టింగ్ ఫైళ్లను కూడా రివైండ్ అవతలి నుంచి తెచ్చేస్తుంది. ఒంగోలు మెషీన్ చిన్నది. దాని షేర్డ్ బఫర్స్‌తో (డేటాబేస్‌కు ఇచ్చే మెమరీ సెట్టింగ్) నెల్లూరు సర్వర్ లేచింది. స్టాండ్‌బై మీద తీసే రిపోర్టులు రెండు రోజులు నత్తనడక నడిస్తే డిస్కును అనుమానించాను.

ఐదుకు నాలుగు మార్కులు. డ్రై రన్ (ఏమీ మార్చకుండా ముందు నడిపి చూడటం) ఉంది, వాడండి. రాయడం మొదలయ్యాక మధ్యలో లైన్ తెగితే మాత్రం ఆ ఫోల్డర్ మీద ఆశ వదులుకుని, బేస్‌బ్యాకప్‌కి ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చోవడమే.