పేరెంటల్ కంట్రోల్ యాప్‌కి ఏడాది డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పిల్లల ఫోన్ కోసం పేరెంటల్ కంట్రోల్ యాప్ కొనాలని చూస్తున్నవాళ్లు ఒక్కసారి ఆగండి. మేం కొన్న యాప్ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి పేరు కన్నా లక్షణాలు గుర్తుపట్టడమే ముఖ్యం.

"మీ పిల్లల ప్రతి మెసేజ్ మీ కళ్ల ముందే, చెడు కంటెంట్ పూర్తిగా బ్లాక్" అని ప్రకటన. ఏడాది ప్లాన్ తీసుకున్నాం. మా అమ్మాయి ఐఫోన్ వాడుతుంది, అబ్బాయి ఆండ్రాయిడ్.

ఐఫోన్‌లో బయటి కంపెనీ యాప్ ఏదీ ఇంకో యాప్‌లోని మెసేజ్‌లు చదవలేదు. ఆపిల్ దాన్ని కట్టిన తీరే అంత. అంటే ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన మాట ఐఫోన్లకు అసలు వర్తించనే వర్తించదు. డబ్బు కట్టాక సపోర్ట్‌ని అడిగితే, "హెల్ప్ పేజీలో రాశాం కదా సార్" అన్నారు. ఐఫోన్‌లో ఆ యాప్ చేసేదల్లా ఒక వీపీఎన్ (ఫోన్‌లోని ఇంటర్నెట్ తన గుండానే వెళ్లేలా చేసే ఏర్పాటు) పెట్టి కొన్ని వెబ్‌సైట్లను ఆపడం. వీపీఎన్‌కి సైట్ పేరు తెలుస్తుంది గానీ లోపల ఏ వీడియో చూస్తున్నారో తెలియదు. యూట్యూబ్ తెరిచారన్నంత వరకే. పైగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ వీపీఎన్‌ని ఆపేయడం పిల్లలకు చిటికెలో పని.

ఆండ్రాయిడ్‌లో పని చేసింది. అసలు టెన్షన్ మొదలైంది అక్కడే. ప్లే స్టోర్ నుంచి కాకుండా వాళ్ల సైట్ నుంచి ఫైల్ దించుకోమన్నారు. ప్రమాదకరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ రక్షణ, ప్లే ప్రొటెక్ట్, ఆపమన్నారు. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇమ్మన్నారు. ఈ పర్మిషన్ ఇస్తే తెర మీద కనిపించేదంతా ఆ యాప్ చదవగలదు. క్లౌడ్ బ్యాకప్ చూడాలంటే పిల్లవాడి అకౌంట్‌కి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ఆధారం కూడా అడిగే రక్షణ) తీసేయమని కూడా అడిగారు. దానికి మేం ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను. టీన్‌సేఫ్ అనే ఇలాంటి యాప్ కూడా టూ-స్టెప్ ఆపమనేది. 2018లో దాని సర్వర్లు పాస్‌వర్డ్ రక్షణ లేకుండా ఇంటర్నెట్‌లో దొరికాయి. వాటిలో పిల్లల ఆపిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. కంచే చేను మేయడం అంటే ఇదే.

ఇక అలర్ట్‌ల గోల. గేమ్ ఆడుతూ స్నేహితుడికి "కిల్ హిమ్" అని రాస్తే ఎర్ర అలర్ట్. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు బూతులు మాత్రం దాని కంట పడవు. వారం తిరక్కముందే ఇంట్లో ఎవరూ ఆ అలర్ట్‌లు చూడటం మానేశారు.

అసలు అవసరం వచ్చిన రోజు ఏమైందో వినండి. గేమ్ చాట్‌లో పరిచయమైన ఎవరో మా అబ్బాయిని వేరే యాప్‌కి రమ్మని ఫోటోలు అడగడం మొదలుపెట్టారు. యాప్ ఏమీ పట్టలేదు, వాడే వచ్చి చెప్పాడు. ఇప్పుడేం చెయ్యాలని సపోర్ట్‌కి రాస్తే, చాట్ డిలీట్ చేసి బ్లాక్ చేయమన్నారు. దయచేసి అలా చేయకండి. చాట్ పోతే సాక్ష్యం పోతుంది. ముందు ఆ ఖాతా పేరు, ప్రొఫైల్ లింక్, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్‌లు తీయండి. తర్వాత ఆ గేమ్‌లో, ఆ యాప్‌లో రిపోర్ట్ కొట్టండి. బ్లాక్ చేయడం ఆఖరున. వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే అవతలివాళ్లు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కి వెళ్తాయి, రిపోర్ట్ చేసినట్టు వాళ్లకు తెలియదు. అదే తెరలో బ్లాక్ చేసి చాట్ తీసేసే ఆప్షన్ ఉంటుంది, చూసుకోకుండా నొక్కకండి. బెదిరింపు దాకా వస్తే డబ్బు ఇవ్వకండి, సైబర్ పోలీసులకు చెప్పండి.

ఒక్క మినహాయింపు ఉంది. పిల్లల నగ్న చిత్రమైతే దాన్ని స్క్రీన్‌షాట్ తీయడం, సాక్ష్యం కోసమని ఇంకొకరికి పంపడం చేయకండి. చాలా దేశాల్లో అదే నేరం. లింక్, ఖాతా పేరు రాసుకుని ఫిర్యాదు చేయండి. 18 ఏళ్ల లోపు తీసిన అలాంటి ఫోటో బయటికి వెళ్లిందనే భయం ఉంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే జాతీయ కేంద్రం దీన్ని నడుపుతుంది, ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టిక్‌టాక్ వంటి వేదికలు ఆ కోడ్‌తో ఫోటోను వెతికి తీసేయగలవు. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే మాట్లాడుకునేవాళ్లు తప్ప కంపెనీ కూడా చదవలేని చాట్‌లలో మాత్రం ఇది పనిచేయదు.

ఇందులో ఏ ఒక్కటీ మేం కొన్న యాప్ చేయలేదు, చెప్పలేదు కూడా. ఇక స్క్రీన్ టైమ్, యాప్ అనుమతుల సంగతి అంటారా, గూగుల్ ఫ్యామిలీ లింక్, ఆపిల్ స్క్రీన్ టైమ్ రెండూ ఉచితమే. ఫ్యామిలీ లింక్ మెసేజ్‌లు చదవదు. నా దృష్టిలో అది లోపం కాదు, పెద్దపిల్లలతో రోజూ గొడవ తప్పుతుంది. ఆపిల్‌లో కమ్యూనికేషన్ సేఫ్టీ అనేది నగ్న చిత్రాలను ఫోన్‌లోనే గుర్తించి మసకగా చూపిస్తుంది, ఆపిల్‌కి పంపదు. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ మాత్రం ఫోన్ పాస్‌కోడ్ కాకుండా వేరేది పెట్టండి.

చివరగా డబ్బు విషయం. యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. మేం కార్డుతో వాళ్ల సైట్‌లోనే కట్టాం కాబట్టి రెన్యూవల్‌కి కార్డు నుంచి డబ్బు పోయాక స్టోర్ రీఫండ్ అడిగే దారి కూడా లేకపోయింది. అకౌంట్, అందులో ఉన్న పిల్లల డేటా తొలగించమని వాళ్లకు విడిగా మెయిల్ పెట్టాల్సి వచ్చింది. ఇంకా కొనాలనే అనుకుంటే, ఐఫోన్‌లో ఏమేమి పనిచేయవు, డేటా ఎక్కడ ఎంతకాలం ఉంచుతారు, మానేస్తే ఎలా తొలగిస్తారు అన్నవి డబ్బు కట్టకముందే మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్తామంటే ఒప్పుకోకండి. తర్వాత ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేయాల్సి వస్తే ఆ రాసిన జవాబే చూపించడానికి ఉంటుంది.