డోపింగ్ కేసులో రాజీయా, పూర్తి విచారణా: ఏది మేలు?

డోపింగ్ పరీక్షలో పట్టుబడిన టెన్నిస్ క్రీడాకారుల ముందు రెండు దారులుంటాయి. ఉల్లంఘన జరిగిందని ఒప్పుకుని, అధికారులు ప్రతిపాదించిన శిక్షకు సమ్మతించడం ఒకటి. ట్రిబ్యునల్ ముందు వాదించి, అవసరమైతే స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లడం రెండోది.

మొదటి దారిలో కాలం కలిసి వస్తుంది. 2024 ఆగస్టులో పోలండ్ క్రీడాకారిణి ఇగా స్వియాటెక్ నమూనాలో ట్రైమెటాజిడిన్ అనే నిషేధిత గుండె మందు కనిపించింది. నిద్ర కోసం ఆమె వేసుకున్న మెలటోనిన్ మాత్రలే కలుషితమయ్యాయని తేలడంతో నెల రోజుల నిషేధానికి ఆమె అంగీకరించారు, నవంబరు చివరికల్లా వ్యవహారం ప్రకటనతో సహా తేలిపోయింది.

రుమేనియా క్రీడాకారిణి సిమోనా హాలెప్ రెండో దారిలో వెళ్లారు. 2022 యూఎస్ ఓపెన్‌లో ఇచ్చిన నమూనాలో రోక్సాడుస్టాట్ అనే నిషేధిత రక్తహీనత మందు బయటపడగా, అక్టోబరులో తాత్కాలిక నిషేధం పడింది. ట్రిబ్యునల్ నాలుగేళ్ల శిక్ష వేసింది 2023 సెప్టెంబరులో. కలుషితమైన సప్లిమెంటు వల్లే ఆ పదార్థం ఒంట్లో చేరిందన్న ఆమె వాదనతో ఏకీభవించిన లాసాన్ న్యాయస్థానం 2024 మార్చిలో దానిని తొమ్మిది నెలలకు కుదించింది. అయితే ఆ తొమ్మిది నెలలు 2023 జూలైలోనే ముగిసిపోయాయి. తీర్పు వచ్చేనాటికి ఆమె ఆటకు దూరమై దాదాపు 17 నెలలు గడిచాయి. గెలిచిన కేసులో కూడా ఇంత నష్టమా అన్న బాధ నాకు నేటికీ తగ్గలేదు.

ఈ లెక్కన రాజీయే మేలనిపిస్తుంది కాని, ఇటలీ క్రీడాకారుడు యానిక్ సిన్నర్ కేసు చూశాక ఆ మాట అంత తేలిగ్గా అనలేము. ఆయన ఫిజియోథెరపిస్టు తెగిన తన వేలికి క్లోస్టెబాల్ అనే నిషేధిత స్టెరాయిడ్ ఉన్న స్ప్రే కొట్టుకుని, చేతి తొడుగులు లేకుండానే మర్దన చేయడంతో ఆ పదార్థం సిన్నర్ ఒంట్లోకి వెళ్లింది. స్వతంత్ర ట్రిబ్యునల్ ఆయన తప్పేమీ లేదని 2024 ఆగస్టులో తేల్చింది. ఏడాది నుంచి రెండేళ్ల నిషేధం కోరుతూ అప్పీలుకు వెళ్లిన ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, 2025 ఫిబ్రవరిలో మూడు నెలలతో రాజీపడింది. ఆ మూడు నెలలు ఆస్ట్రేలియన్ ఓపెన్‌కూ ఫ్రెంచ్ ఓపెన్‌కూ మధ్య పడడంతో ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా పోలేదు. సిన్నర్ మోసం చేయలేదని ఆ సంస్థే అంగీకరించింది, నాకూ అందులో సందేహం లేదు; కాని ఏడాది అడిగినచోట మూడు నెలలు ఎందుకు సరిపోయాయో సాక్ష్యాలను తూచి చెప్పిన తీర్పు మాత్రం లేదు.

అందుకే క్రీడాకారుడి వైపు నుంచి చూస్తే, పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో త్వరగా రుజువైనప్పుడు రాజీయే మేలు. ఆటకు మాత్రం కారణాలు రాతపూర్వకంగా బయటపెట్టే విచారణే మేలని నా అభిప్రాయం, తాత్కాలిక నిషేధంలో ఉన్నవారి కేసుకు గట్టి గడువు పెట్టగలిగితేనే సుమా. ఆరు నెలల్లో తుది తీర్పు వచ్చి ఉంటే, అదే తొమ్మిది నెలల శిక్ష పూర్తిచేసుకుని హాలెప్ 2023 యూఎస్ ఓపెన్‌లో ఆడగలిగి ఉండేవారు.