వుడ్ లేత్: ఇంపోర్టెడ్ మిడి మేలా, లోకల్ పోత ఇనుముది మేలా?

వుడ్ లేత్ (కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) కొనేవాళ్లు మొదట అడిగేది "ఎంత పొడవు కర్ర పడుతుంది?" అని. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన మాట. తక్కువలో తక్కువ ఎంత స్పీడుకు దిగుతుంది, ఒళ్లు ఎంత బరువుంది అన్నవి ముందు తేలాలి.

చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మన దగ్గర పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యే. ఒకటి బల్ల మీద బిగించుకునే ఇంపోర్టెడ్ మిడి, అంటే మధ్యరకం సైజు లేత్. 12 అంగుళాల స్వింగ్ (తిప్పగల గరిష్ట వ్యాసం), సెంటర్ల (కర్రను రెండు కొనల్లో పట్టే మొనల) మధ్య 18 నుంచి 20 అంగుళాలు, నాబ్ తిప్పితే మారే స్పీడు. రెండోది మన దేశంలోనే చిన్న ఫౌండ్రీలు, వర్క్‌షాపులు చేసే నేల మీది లేత్. పోత ఇనుప బెడ్ (లేత్ కింది పొడవాటి దిమ్మ) మూడు నాలుగు అడుగులు, ఒక హెచ్‌పీ మోటారు, మెట్ల పుల్లీ (బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకోదానికి మారిస్తే స్పీడు మారేది), బెల్టు.

మీరు ఏం తిప్పుతారన్నదాన్ని బట్టే ఏది కొనాలో తేలుతుంది. అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణిస్తే 6000, 9000 మధ్య ఉండాలని టర్నింగ్ చేసేవాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. కవ్వం, అప్పడాల కర్ర, కుంకుమ భరిణె లాంటివి రెండు మూడు అంగుళాలకు మించవు, వాటికి వేగమే కావాలి. ఏటికొప్పాక పనిలో అయితే తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఇలాంటి పనికి మెట్ల పుల్లీ లేత్ హాయిగా సరిపోతుంది. మంచం కోళ్లు, మెట్ల రెయిలింగ్ కర్రలు చేయాలంటే మిడి బెడ్ పొట్టిదైపోతుంది కాబట్టి అక్కడ లోకల్ లేత్‌కు ఎదురే లేదు.

గిన్నెలు, పళ్లేలు తిప్పాలంటే మాత్రం కథ మారుతుంది. 10 అంగుళాల గిన్నెకు పై లెక్క ప్రకారం 600 నుంచి 900 చాలు. పచ్చి దుంగ, అదీ గుండ్రం కానిది అయితే ఇంకా తగ్గించాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు నాలుగు పోల్ మోటారు సుమారు 1440 తిరుగుతుంది. పుల్లీ దాన్ని సగం చేసినా 720. ఆ స్పీడులో 10 అంగుళాల దుంగ అంచు గంటకు 34 కిలోమీటర్ల పైన పరుగెడుతుంది. ఓ పక్క బరువెక్కువున్న దుంగ అలా తిరుగుతుంటే లేత్ మొత్తం గంతులేస్తుంది, ఎదురుగా నిలబడ్డవాడికి ముచ్చెమటలే. మిడి లేత్‌లో 250కో అంతకంటే కిందకో దిగే మోడల్ దొరికితే అదే దాని అసలు బలం. మిడి కొనాలనుకుంటే ఈ అంకె చూడకుండా డబ్బు కట్టొద్దు.

స్వింగ్ విషయంలోనూ కాస్త మోసముంది. 12 అంగుళాలన్నది బెడ్‌కు తగలకుండా తిరిగే కొలత. టూల్ రెస్ట్ (ఉలి ఆనించే కమ్మీ) కింద ఉండే దిమ్మ అడ్డం వచ్చేచోట అంత వ్యాసం పట్టదు.

రిపేరు దగ్గర తరాజు లోకల్ వైపే మొగ్గుతుంది. మిడిలో స్పీడు కంట్రోల్ బోర్డు పోతే పార్టు కోసం ఎదురుచూడాలి. ఓల్టేజీ ఎగుడుదిగుళ్లుండే ఊళ్లో ఇది చిన్న టెన్షన్ కాదు. లోకల్ లేత్ మోటారు కాలితే దగ్గర్లోని వైండింగ్ షాపు చాలు. (అమెరికా నుంచి బంధువులు లేత్ పంపిస్తామంటే మొహమాటపడకుండా వద్దనండి. అక్కడిది 120 ఓల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీని మారుస్తుందే గాని ఫ్రీక్వెన్సీని మార్చలేదు.)

లోకల్ వాటిలో పెద్ద లోపం స్పిండిల్ (కర్రను తిప్పే ఇరుసు) మర. తయారుచేసినవాడికి తోచిన సైజు ఉంటుంది, తర్వాత కొన్న ఛక్ (కర్రను బిగించి పట్టే దవడలు) దానికి పట్టదు. ఆర్డరిచ్చేటప్పుడే అంగుళానికి 8 మరల ఒక అంగుళం స్పిండిల్, లోపల రెండో నంబరు మోర్స్ టేపర్ (సెంటర్ కూర్చునే, లోపలికి సన్నబడే రంధ్రం) కావాలని రాయించుకోండి. ఈ సైజులకు ఛక్‌లు, సెంటర్లు సులువుగా దొరుకుతాయి.

నేనైతే లోకల్ ఒళ్లే తీసుకుని, దానికి త్రీఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ మీద నడిచే వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు స్పీడును మార్చే పెట్టె) పెట్టిస్తాను. పుల్లీ ఎలాగూ ఉంటుంది కాబట్టి బెల్టు కింది మెట్టుకు వేసి, ఫ్రీక్వెన్సీ సగం చేస్తే 360 వస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. అలాంటి వీఎఫ్‌డీ ఇచ్చేది 230 ఓల్టుల త్రీఫేజ్, షాపులో మోటారు మాత్రం చాలాసార్లు 415 ఓల్టులకు స్టార్ (వైండింగ్ తీగలు కలిపే ఒక పద్ధతి)లో కట్టి ఉంటుంది. దాన్ని 230కి సరిపడే డెల్టా పద్ధతికి మార్చే వీలుందో లేదో టెర్మినల్ బాక్స్ తెరిపించి చూడాలి. స్పీడు బాగా తగ్గించి గంటల తరబడి నడిపితే మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదించి వేడెక్కుతుంది. అందుకే తగ్గించాల్సినంతా వీఎఫ్‌డీతోనే తగ్గించకుండా, ముందు బెల్టు మార్చుకోవాలి.

పాత లేత్ దొరికితే వదలొద్దు, కానీ స్పిండిల్‌ను చేత్తో పట్టి అటూ ఇటూ లాగి చూడండి. ఆడితే బేరింగులు పోయినట్టే. లేత్‌కు రెండు వైపులా మొనదేలిన సెంటర్లు పెట్టి, టెయిల్‌స్టాక్‌ను (కర్ర రెండో కొనను పట్టే, బెడ్ మీద జరిగే భాగాన్ని) దగ్గరకు జరిపితే మొనలు సూటిగా ఎదురెదురు రావాలి. ఈ పరీక్ష కొత్తవాటికీ చేయాలి.

ఏది కొన్నా, బడ్జెట్‌లో మూడో వంతు ఛక్, ఉలులు, సానపట్టే గ్రైండర్, ముఖానికి అడ్డం పెట్టుకునే షీల్డు కోసం పక్కన తీసిపెట్టి, మిగిలినదానితోనే లేత్ బేరమాడండి.