గేదెల పాకలో నాలుగేళ్లుగా వాడుతున్న థర్మామీటర్

మాకు ఆరు ముర్రా గేదెలు. వాటి కోసం నాలుగేళ్ల కింద మందుల షాపులో ఒక డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. మనుషులకు వాడేదే, కొన మెత్తగా వంగే రకం. నూట యాభై రూపాయలు అయింది. ఇప్పటికి రెండుసార్లు బటన్ బ్యాటరీ మార్చాను, అంతే ఖర్చు.

దీనికంటే ముందు, కరోనా టైంలో అందరి నుదుటికీ పెట్టారే, ఆ గన్ కొన్నాను. గేదెను కట్టేసే పని లేకుండా దూరం నుంచే చూడొచ్చని ఆశపడ్డాను. మా పాకలో అది పనికిరాలేదు. అది చూపేది చర్మం మీది వేడి. ఎండలో నిలబడ్డ నల్లటి ఒంటి మీద ఒక అంకె, చెరువులోంచి వచ్చిన ఒంటి మీద ఇంకో అంకె. నాన్న వాడిన పాదరసం థర్మామీటర్ సరిగ్గానే చూపేది గానీ, ఒకరోజు గేదె తోక విసిరితే పగిలింది. గాజు ముక్కలు, పాదరసం గడ్డిలో పడ్డాయి. ఆ గడ్డంతా తీసి పారేశాం. మళ్లీ గాజుది పాకలోకి తేలేదు.

డిజిటల్‌తో తప్పు వస్తే చాలావరకు మనం పెట్టిన తీరులోనే ఉంటుంది. ఆసనంలో పెట్టాక కొన పేడలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. కొంచెం నూనె రాసి, పక్కకు వాల్చి, లోపలి గోడకు తగిలేలా పెట్టాలి. బీప్ వచ్చాక కూడా నేను ఇంకో అర నిమిషం ఉంచుతాను. దారం కట్టి, బట్టల క్లిప్పుతో తోక వెంట్రుకలకు పట్టిస్తే కింద పడదు.

థర్మామీటర్‌తో పాటు ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. పశువుకు 101.5 ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉంటే మామూలే, 98.6 అన్నది మనిషి లెక్క. అయినా ఏ గేదె అంకె దానిదే. పొద్దున కంటే సాయంత్రం కాస్త ఎక్కువ ఉంటుంది. గేదెకు చెమట గ్రంథులు తక్కువ కాబట్టి ఎండన పడి వచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి 103 చూసి హడలిపోయాను. నీడలో కట్టి, నీళ్లు పోసి, గంట తర్వాత చూస్తే 101.4.

ఈ పుస్తకం వల్లే మా పెద్ద గేదె బతికింది. మూడో ఈత, ఈనిన రెండో రోజు. మేత ముట్టలేదు, మెడ పక్కకు తిప్పుకుని పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి. పక్కింటి బాబాయ్ చూసి, ‘ఇది పాలజ్వరంరా, ముందు జ్వరం మందు వెయ్యి’ అన్నాడు. థర్మామీటర్ పెడితే 97.6. దాని మామూలు అంకె 101 పైనే. పాలజ్వరంలో నిజానికి ఒళ్లు కాలదు, రక్తంలో కాల్షియం పడిపోయి చల్లబడుతుంది. డాక్టర్ గారికి ఫోన్‌లో ఆ అంకె, చెవుల సంగతి చెప్పగానే ‘జ్వరం మందు వెయ్యకు, వస్తున్నా’ అన్నారు. వచ్చి నరానికి కాల్షియం నిదానంగా ఎక్కించారు. తెల్లారేసరికి లేచి నెమరు వేస్తోంది.

లోపాలు కూడా చెప్పాలి. తెరకు లైటు లేదు, రాత్రి సెల్ వెలుగులో చూడాలి. బటన్ ఎక్కువసేపు నొక్కితే సెల్సియస్‌లోకి మారిపోతుంది. 38.6 చూసి ఒకసారి చాలా టెన్షన్ పడ్డాను. వాడాక సబ్బునీళ్లతో తుడిచి, స్పిరిట్ రాస్తాను. వేడినీళ్లలో వెయ్యకూడదు. ఇంట్లో పిల్లలకు ఎవరూ పెట్టకుండా ఎర్ర దారం కట్టి పాకలోనే ఉంచుతాను.

మొన్న ఇదే రకం ఇంకోటి కొని, రెండింటినీ ఒకే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూశాను. తేడా 0.2. పాతదే ఇంకా వాడుతున్నాను.