నా చేతికి సరిపోయిన పిస్టల్, నా వెంట నడిచే స్ప్రే: ఏడాదిన్నర వాడాక

రాత్రి డ్యూటీ దిగి కారు దాకా నడవాలంటే నాకు నాలుగు నిమిషాలు. ఒక రాత్రి ఆ నాలుగు నిమిషాలూ నా వెనకే ఒక మనిషి నడిచాడు. నేను ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. కారెక్కి తలుపు లాక్ చేసుకున్నాక, అద్దం మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి వెళ్ళిపోయాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ మర్నాడు పొద్దున ఎండ పడగానే అద్దం మీద ఆ చెయ్యి అచ్చు ఐదు వేళ్ళతో సహా కనబడింది. దాన్ని తుడిచాక నాకు నిద్ర పట్టలేదు. ఆ వారమే నన్ను నేను కాపాడుకునే సాధనం కోసం వెతకడం మొదలుపెట్టాను.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సమీక్ష అంతా దాని మీదే ఆధారపడింది. నాకు 54 ఏళ్ళు. రెండు బొటనవేళ్ళ మొదళ్ళలోనూ కీళ్ళ అరుగుదల. సీసా మూత తిప్పాలంటే గుడ్డ చుట్టుకోవాలి. చలి రోజుల్లో పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడమే కష్టం. తుపాకుల గురించి నేను చదివినవన్నీ, విన్నవన్నీ ఏ తూటా ఎంత బలమైనది, మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే డబ్బాలో, ఎన్ని పడతాయి అనే లెక్కలే. దాన్ని పట్టుకునే చెయ్యి ఎలాంటిదని అడిగినవాళ్ళు తక్కువ.

మొదట వెళ్ళిన కొట్టులో అమ్మే అబ్బాయి నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. అర కిలో కూడా లేని ఐదు తూటాల రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టి, "ఆడవాళ్ళకి ఇదే బాగుంటుందండీ, తేలిక, బ్యాగులో పడుంటుంది" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పిస్టల్‌కైతే తూటా గొట్టంలోకి ఎక్కడానికి పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగాలి; రివాల్వర్‌కి అది లేదు. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతది వచ్చి నిలబడుతుంది. డ్రాయర్లో ఏళ్ళ తరబడి పెట్టినా మ్యాగజైన్ స్ప్రింగు నీరసపడుతుందన్న బెంగ లేదు.

అదృష్టం కొద్దీ కొనకముందే షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చి చూశాను. అక్కడ అసలు విషయం తెలిసింది. ఆ రకం చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కడానికి సుమారు ఐదు కిలోల బలం కావాలి. అంటే తుపాకీ బరువుకి పదింతలకు పైగా బరువుని ఒక్క వేలితో లాగాలి. లాగేలోపు గొట్టం పక్కకి తిరిగిపోతుంది. ఇక తూటా వెనక్కి తన్నే తన్నుడు: తుపాకీ ఎంత తేలికైతే ఆ దెబ్బ అంత చేతికే వస్తుంది. 50 తూటాల పెట్టెలో 15 కాల్చేసరికి బొటనవేలి కింద కండ వాచింది. ఏడు గజాల దూరంలో కాగితం మీద ఐదింటికి రెండు పడ్డాయి. మూడు ఎటు పోయాయో నాకు తెలియదు. ఆ "తెలియదు" అన్నదే నన్ను భయపెట్టింది. కాల్చిన ప్రతి తూటా ఎక్కడో ఒకచోట ఆగుతుంది, అది ఎవరి గోడలో ఆగినా బాధ్యత నాదే.

తర్వాత 9 ఎంఎం అనే తూటా కాల్చే మధ్యరకం పిస్టల్. దీనికి బరువుంది, అందుకే తన్నుడు మెత్తగా అనిపించింది. ట్రిగ్గర్ సగం బలంతోనే కదిలింది. కానీ స్లైడ్! వేళ్ళ కొసలతో పట్టి లాగబోతే జారిపోయింది. రేంజ్‌లో నేర్పే ఆవిడ నా చెయ్యి చూసి, "లాగకండి, తొయ్యండి" అంది. ఎడమ అరచేతిని స్లైడ్ మీద పైనుంచి బోర్లించి గట్టిగా అదిమి, కుడి చేత్తో తుపాకీని ముందుకి తొయ్యాలి. బలం భుజంలోంచి వస్తుంది, వేళ్ళలోంచి కాదు. ఈ ఒక్క కిటుకు ఆవిడ ఫీజు మొత్తానికి సరిపోయింది. మధ్యాహ్నం పూట ఎనిమిదిసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదిసార్లూ వచ్చింది. మరో రోజు పొద్దున్నే వెళ్తే మూడుసార్లు మాత్రమే వచ్చింది. చేతులు బాగున్న పూటే పనిచేసే తుపాకీ నాకొద్దనుకున్నాను.

చివరికి కొన్నది స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళ ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజీ. 2018లో వచ్చిన మోడల్. చేతుల్లో బలం తక్కువున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇది కాల్చే పాయింట్ 380 రకం తూటా 9 ఎంఎం కన్నా బలహీనం, కాబట్టి స్లైడ్‌ని పట్టి ఉంచే స్ప్రింగు అంత బిరుసుగా ఉండక్కర్లేదు. దానికి తోడు తూటాని పేల్చే సుత్తి లోపల దాగి ఉండే పద్ధతి. స్లైడ్ లాగితే సొరుగు లాగినట్టు వచ్చేసింది. మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటే తూటాలు ఒక్కొక్కటీ సులువుగా కూర్చుంటాయి. ఎనిమిది పడతాయి. బొటనవేళ్ళు నొప్పెట్టే మనిషికి ఆ బొడిపె ఎంత మేలో మామూలు చేతులున్నవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. పిడి వెనక ఒక మీట ఉంటుంది, అరచెయ్యి పూర్తిగా ఆనితేనే పేలుతుంది. పట్టు సగంలో ఉంటే పేలదు. కంగారులోనూ పట్టు సరిగ్గా పడాలంటే సాధన చెయ్యక తప్పదు.

"380 అంటే బొమ్మ తుపాకీ అక్కా" అన్నాడు మా తమ్ముడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్ళు తూటాలని జెల్ దిమ్మలోకి కాల్చి చూస్తారు. 12 నుంచి 18 అంగుళాల లోతుకి వెళ్ళాలన్నది వాళ్ళ కొలమానం. పాయింట్ 380లో కొన్ని హాలో పాయింట్ (కొన బోలుగా ఉండే) తూటాలు తగలగానే విచ్చుకుంటాయి గానీ అంత లోతు వెళ్ళవు. అది దాని లోపమే, కాదనను. కానీ ఏడు గజాల దూరంలో నా ఎనిమిది తూటాలూ అరచెయ్యంత చోట పడుతున్నాయి. బలమైన తూటా గోడకి తగిలే కన్నా ఇది మేలు. మీ చేతులు బాగుంటే 9 ఎంఎం తీసుకోండి, నేనూ అదే చెబుతాను. ఏది తీసుకున్నా, ఇంట్లో ఉంచబోయే తూటాలనే ఆ తుపాకీలో కాల్చి చూడాలి. నేను 200 కాల్చాకే నమ్మాను.

అయితే ఈ పిస్టల్ నాతో పాటు రాత్రి డ్యూటీకి రాదు. మొదటి కారణం చట్టం. తుపాకీ ఇంట్లో ఉంచుకోవడానికి ఒక నియమం, వెంట తీసుకెళ్ళడానికి మరో నియమం, కొన్ని చోట్ల రెండూ కుదరవు. పైసా ఖర్చు పెట్టేముందు మీరుండే చోట ఏది చెల్లుతుందో తెలుసుకోండి. నేను పనిచేసే భవనంలోకి ఆయుధం తేకూడదు, అక్కడితో ఆ ఆలోచన అయిపోయింది. రెండో కారణం రేంజ్‌లో ఆవిడ చేయించిన ఒక పరీక్ష. 1983లో డెనిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు రాసిన వ్యాసం నుంచి వచ్చింది అది: కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. ఆవిడ 21 అడుగుల దూరంలో నిలబడింది. నేను ప్లాస్టిక్ పిస్టల్‌ని భుజాన వేసుకున్న బ్యాగులో పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడేసరికి నేనింకా జిప్ దగ్గరే ఉన్నాను. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. కొట్టులో అబ్బాయి చెప్పిన "బ్యాగులో పడుంటుంది" గుర్తొచ్చింది. పడుండటమే దాని పని అయితే కొనడం ఎందుకు?

అందుకని ఆ నాలుగు నిమిషాల నడకలో నా చేతిలో ఉండేది పెప్పర్ జెల్, అంటే కళ్ళలో కొట్టే మిరప ఘాటు. జేబులో కాదు, చేతిలో. మొదట తాళంచెవి గుత్తికి తగిలించే పొగమంచు రకం స్ప్రే కొన్నాను, పేరు రాయను. పెరట్లో ఒకసారి నొక్కి చూశాను. అంతగా గాలి ఉన్నట్టు అనిపించలేదు గానీ సగం తుంపర వెనక్కి వచ్చి నా కళ్ళలోనే పడింది. కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. తెరవాలన్నా తెరుచుకోలేదు. గొంతులో ఎవరో నిప్పు పెట్టినట్టు దగ్గు. గోడ తడుముకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళాను. మంట తగ్గడానికి ముక్కాలు గంట పట్టింది. మిరప కారంలోని ఘాటు నూనె అది, వట్టి నీళ్ళకి లొంగదు. చల్లటి నీళ్ళతో కడుగుతూ, పసిపిల్లల షాంపూ నురగతో తుడుచుకోవాలి, కళ్ళు అస్సలు నులమకూడదు. నేను నులిమాను. ఆ బాధ పడ్డాక దాని పనితనం మీద నాకు అనుమానం పోయింది, పొగమంచు రకం మీద నమ్మకం కూడా పోయింది.

జెల్ చిక్కటి ధారలా వెళ్తుంది, గాలికి అంత తేలిగ్గా వెనక్కి రాదు. పది పన్నెండు అడుగుల దాకా సూటిగా పోతుంది. బదులుగా గురి చూసి కొట్టాలి, కళ్ళకి తగలకపోతే ప్రయోజనం తక్కువ. కనుబొమల మీదుగా ఒక చెవి నుంచి రెండో చెవి దాకా గీత గీసినట్టు కొట్టి, వెంటనే పక్కకి జరగాలి. కళ్ళు మూసుకున్న మనిషి కూడా ఉన్న ఊపుతో ముందుకే వస్తాడు. మూత విషయం చూసుకోండి. తిప్పి తెరిచే మూత నా బొటనవేలికి కుదరదు, పైకి లేపి నొక్కేది తీసుకున్నాను. నీళ్ళు నింపిన సాధన డబ్బా విడిగా అమ్ముతారు, అది కొనకుండా అసలుది కొనకండి. మత్తులో ఉన్నవాళ్ళ మీద, బాగా రెచ్చిపోయిన వాళ్ళ మీద ఇది అనుకున్నంత పనిచెయ్యకపోవచ్చు. కాబట్టి కొట్టాక నిలబడి చూడకూడదు, పరిగెత్తాలి. ఎండలో ఉన్న కారులో వదలొద్దు. లోపలి ఒత్తిడి కాలంతో తగ్గుతుంది, డబ్బా మీద గడువు తేదీ చూసి మార్చాలి. విమానంలో మీతో పాటు లోపలికి రానివ్వరు.

ఒంటికి ఆనించి షాక్ ఇచ్చే స్టన్ గన్ నాకు వద్దు. అవతలివాడు చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చేదాకా ఆగాలి, పైగా మందపాటి కోటుంటే అందదు. టేజర్ దూరం నుంచి రెండు ముళ్ళు విసురుతుంది, రెండూ దిగాలి. మంచి పరికరమే, నా బడ్జెట్‌కి మించింది. పిన్ను లాగితే 120 డెసిబెల్స్ అరిచే అలారం మాత్రం కొన్నాను. చవక, అనుమతి గొడవ లేదు, ఎవరినీ గాయపరచదు. చిన్న టార్చి కూడా. ఎవరైనా వెనకొస్తున్నారనిపిస్తే ఆగి, తిరిగి, ముఖం మీద వెలుగు పడేస్తాను. ఇప్పటికి రెండుసార్లు అలా చేశాను. రెండుసార్లూ మామూలు మనుషులే, నేను క్షమాపణ చెప్పాను.

ఇంట్లో పిస్టల్ నాలుగు బటన్ల పెట్టెలో ఉంటుంది, పెట్టె మంచం పక్క అలమరలో మరలతో బిగించి ఉంది. మనవడు వచ్చే ఇల్లు ఇది. అలమర పైఅర మీద పెడితే చాలనుకోవద్దు, పిల్లలకి అందని ఎత్తు లేదు. బ్యాటరీ ఆరునెలలకోసారి మారుస్తాను. తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు నియమాలు పెట్టె మూత లోపలి వైపు రాసి అంటించాను: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, నాశనం చెయ్యదలుచుకోని దేనివైపూ గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు, దేన్ని కాలుస్తున్నావో, దాని వెనక ఏముందో తెలుసుకో. నాలుగోది రాశాకే మంచం తల వైపు మార్చాను. మునుపు గురి పెట్టే దిక్కున పల్చటి గోడ, ఆ గోడకి అవతల పక్కింటివాళ్ళ పడకగది. ఇప్పుడా దిక్కున పుస్తకాల బీరువా ఉంది.

మొన్న తమ్ముడు కూతుర్ని తీసుకొచ్చాడు. పై ఊళ్ళో చదువుకి వెళ్తోంది. "అత్తా, నాకూ నీ స్ప్రే లాంటిది కొనిపెట్టు" అంది. నీళ్ళ డబ్బా చేతికిచ్చి, పెరట్లో చెట్టుకి కాగితం పళ్ళెం మేకు కొట్టాను. పన్నెండు అడుగులు కొలిచి నిలబెట్టాను. మొదటిది పళ్ళేనికి జానెడు కిందకి పోయింది, రెండోది ఎడమకి. మూడోదానికి మూత లేవక గోరు విరిగింది. "అసలుదెప్పుడు ఇస్తావు?" అని అడిగింది. వరసగా పదిసార్లు పళ్ళెం తడిశాక అన్నాను. సాయంత్రానికి ఏడుకి వచ్చింది.