దిబ్బరొట్టా, పొట్టిక్కలా?

కార్తీకంలో ముసురు పట్టిందంటే మా ఇంట్లో ఈ గొడవ మొదలవుద్ది. పాలకొల్లు మామ్మ వైపు వాళ్ళంతా దిబ్బరొట్టె పార్టీ, అంబాజీపేట అమ్మమ్మ వైపు వాళ్ళు పొట్టిక్కల (పనసాకు బుట్టల్లో పిండి పోసి ఆవిరికి ఉడికించేవి) పార్టీ. నిజానికి రెండిటికీ పిండి దాదాపు ఒకటే, గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, కాస్త అటూ ఇటూ.

దిబ్బరొట్టెకి ఓపిక కావాలి. మందపాటి మూకుట్లో నూనె వేసి పిండి దట్టంగా పోసి మూతపెట్టి సన్నసెగ మీద వదిలేయాలి, మామ్మ అయితే మూత మీద కూడా నిప్పులు పెట్టేది, అందుకే పైనా కిందా ఎర్రగా కాలి లోపల మెత్తగా ఉండేది. ఆ కరకరలాడే అంచు కోసం బాబాయి పిల్లలతో కొట్టుకునేవాళ్ళం, మామ్మేమో పెద్దముక్క మా చిన్నోడికే పెట్టేది (ఇప్పటికీ ఒప్పుకోదు లెండి). నంజుకోడానికి ఆవకాయ అంటారు కొందరు, నా మటుకు చెరకు పానకమే కరెక్ట్.

పొట్టిక్కలకి పని అంతా ముందే. పనసాకులు ఈనెపుల్లల్తో గుచ్చి బుట్టలు చెయ్యాలి, అది తాతయ్య డ్యూటీ, అరుగు మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్తూ చేసేవాడు. ఆవిరికి ఆకు వాసన పిండికి పట్టుద్ది, నూనె చుక్క ఉండదు, కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నోళ్ళకి రాత్రికి తేలిగ్గా ఉంటాయి. హైదరాబాద్‌లో పనసాకులు దొరక్క స్టీల్ గ్లాసుల్లో పోసి పొట్టిక్కలంటే మాత్రం నేనొప్పుకోను, అవి ఇడ్లీలే.

నా ఓటు దిబ్బరొట్టెకే. ఇంట్లో పెద్దోళ్ళుంటే, దగ్గర్లో పనసచెట్టుంటే పొట్టిక్కలు చేస్కోండి.