టెక్సన్ పీఎల్-330, పది మీటర్ల వైరు, మా ఊరి డాబా

షార్ట్‌వేవ్ వినడం మొదలుపెడదామనుకుంటున్నాం, ఏ రేడియో కొనమంటావ్ అని మా ఆఫీసులో ఇద్దరు అడిగారు, మొన్న సంక్రాంతికి మా బాబాయి కూడా అడిగాడు. అందరికీ ఒకటే చెప్పా, టెక్సన్ పీఎల్-330 కొనుక్కోండి, దాంతోపాటు యాంటెన్నాగా కట్టుకోవడానికి పది మీటర్ల వైరు కూడా కొనుక్కోండి. వైరు లేకపోతే ఈ రేడియో గురించి నేను చెప్పే మంచి మాటల్లో సగం మీకు పనికిరావు. ఏడాదిన్నరగా రోజూ వాడుతున్నా కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

సైజు అరచేతికి కొంచెం పెద్దది అంతే. బ్యాటరీ బీఎల్-5సీ, ఒకప్పుడు నోకియా ఫోన్లలో ఉండేదే, ఏ మొబైల్ షాపులో అడిగినా ఇస్తారు, నాకు ఇది చాలా నచ్చింది ఎందుకంటే పదేళ్ల తర్వాత కూడా బ్యాటరీ కోసం వెతుక్కునే పని ఉండదు. ఎఫ్ఎం, మీడియం వేవ్, లాంగ్ వేవ్ ఉన్నాయి, షార్ట్‌వేవ్ 1711 నుంచి 29999 కిలోహెర్ట్జ్ వరకు మొత్తం ఉంది. నాకు అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర పడింది. నేను కొన్న ఆన్‌లైన్ షాపు వాళ్లు పంపిన పెట్టెలో సామాన్లు సగం లేవు, అడిగితే జవాబు లేదు, అందుకే పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, అది మర్చిపోవద్దు.

ఇంతకన్నా తక్కువలో కూడా షార్ట్‌వేవ్ రేడియోలు దొరుకుతాయి కదా, మరి ఇదే ఎందుకంటే ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) కోసం. మామూలు స్టేషన్లు ఏఎంలో వస్తాయి, హామ్‌లు (లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లు), విమానాలు మాత్రం క్యారియర్ అనే మూల తరంగాన్ని తీసేసి, దాని రెండు పక్కల్లో ఒక పక్క మాత్రమే పంపుతారు, దాన్ని మామూలు రేడియోలో పెడితే నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తూ మాట్లాడినట్టు ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. పీఎల్-330లో ఎల్ఎస్‌బీ (కింది పక్క) పెట్టి, పక్కనున్న చక్రాన్ని మెల్లగా పది హెర్ట్జ్ చొప్పున తిప్పుతూ పోతే ఆ పుక్కిలింత సన్నబడి సన్నబడి ఒక చోట టక్కున మనిషి గొంతు అయిపోతుంది. నాకు మొదటిసారి అది ఒకరోజు పొద్దున ఆరున్నరకి 7100 కిలోహెర్ట్జ్ దగ్గర జరిగింది, ఒక పెద్దాయన ఇంకొకాయనతో మీ సిగ్నల్ ఫైవ్ నైన్ (అంటే చాలా బాగా) వస్తోంది, ఇక్కడ రాత్రంతా వాన అంటున్నాడు, ఆ మాటలో ఏముందో తెలీదు గానీ నాకు ఒళ్లు జలదరించింది. మధ్యలో టవర్ లేదు, ఇంటర్నెట్ లేదు, ఆయన వైరు నుంచి నా వైరుకి వచ్చేసింది అంతే.

కొత్తవాళ్లు ఎస్ఎస్‌బీ ప్రాక్టీస్ చేయాలంటే 6676 లేదా 11387 కిలోహెర్ట్జ్‌లో యూఎస్‌బీ (పై పక్క, ఛార్జింగ్ యూఎస్‌బీ కాదు) పెట్టుకోండి, కోల్‌కతా, ముంబై, బ్యాంకాక్, సింగపూర్ లాంటి చోట్ల నుంచి విమానాల కోసం వాతావరణం వంతులవారీగా చదువుతారు, గాలి ఎటు, మబ్బు ఎంత ఎత్తులో అని. మీ రేడియో ఫ్రీక్వెన్సీ సరిగ్గా చూపిస్తోందా అని చూసుకోవాలంటే 10000 మీద చైనా బీపీఎం టైమ్ సిగ్నల్ టిక్ టిక్‌మని వస్తుంది, దాంతో సరిచూసుకోవచ్చు. షెడ్యూళ్లన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మన టైముకి ఐదున్నర గంటలు కలుపుకోండి. పొద్దుగూకాక పది మెగాహెర్ట్జ్ కింద, పగలు దానిపైన వెతకండి, ఎండ ఉన్నంతసేపు ఆకాశంలో అయనోస్ఫియర్ కింది పొర ఒకటి తక్కువ ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది.

ఈటీఎం అని ఒక సదుపాయం ఉంది, నొక్కితే ఆ గంటలో దొరికే స్టేషన్లన్నీ తనే వెతికి పెట్టుకుంటుంది, ఏ గంటవి ఆ గంటకి వేరుగా. బాగుంది. స్పీకర్ చిన్నది, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటేనే బలహీనమైన స్టేషన్లు తెలుస్తాయి. ఛార్జింగ్ మైక్రో యూఎస్‌బీ, ఛార్జింగ్ పెట్టి వినొద్దు, ఒకటే రొద.

రొద అన్నాను కదా, అసలు సంగతి అదే. హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్, వైఫై అడాప్టర్, లిఫ్ట్, అన్నీ కలిసి ఏ బ్యాండ్ తిప్పినా బుర్రుమనే చప్పుడే, రేడియో బాలేదేమో అనుకున్నా. పండక్కి తెనాలి దగ్గర మా ఊరెళ్లినప్పుడు డాబా మీద పెట్టుకుని కూర్చున్నా, అక్కడా కొంచెం రొద ఉంది, ఇంతలో కరెంటు పోయింది. ఊరంతా చీకటి, రేడియోలో కూడా ఎవరో దుప్పటి లాగేసినట్టు చప్పుడంతా ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా ఖాళీ అనుకున్న చోటల్లా ఏదో ఒక స్టేషన్, అరబిక్, చైనీస్, హిందీ, పక్కపక్కనే. మా నాన్న పైకొచ్చి పక్కన కూర్చున్నాడు, మేం సిలోన్‌లో తెలుగు పాటలు ఇట్లాగే వినేవాళ్లం రా అని గంటసేపు కదల్లేదు. కరెంటు వస్తే ఇద్దరం అయ్యో అనుకున్నాం.

అందుకని ఇంకా ఖరీదైన రేడియో కొనేముందు వైరు పని చేయండి. కోఠి గుజరాతీ గల్లీలో పది మీటర్ల సన్న వైరు, ఒక 3.5 ఎంఎం పిన్ను కొన్నా, చివర్లకి పీవీసీ పైపు ముక్కలు, అక్కణ్ణుంచి నైలాన్ తాడు, ఒక కొస నీళ్ల ట్యాంకుకి, ఇంకో కొస పిట్టగోడ కడ్డీకి. రెండొందలు కూడా కాలేదు. మరీ పొడవు వద్దు, బలమైన స్టేషన్లు వచ్చి పక్కవాటి మీద పడతాయి. కరెంటు తీగల దగ్గరకి పోనివ్వొద్దు, ఉరుము వినపడితే పిన్ను పీకేయండి.

కొన్నాళ్లు విన్నాక చేత్తో ఏదైనా కట్టాలని మనసు లాగుతుంది. మనకి ఇందులో గర్వపడే సంగతి ఒకటుంది, ప్రపంచమంతా హామ్‌లు ఇంట్లోనే కట్టుకునే బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ (పంపే, వినే రేడియో) డిజైన్ మన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారిదే, కాల్‌సైన్ (రేడియోలో పిలిచే పేరు) వీయూ2ఈఎస్ఈ. మామూలుగా బజారులో దొరికే సామాన్లతోనే అయిపోవాలని ఆలోచించి గీసిన సర్క్యూట్ అది. ట్రాన్స్‌మిట్ చేయాలంటే డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) వాళ్ల పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి వీయూ3తో, జనరల్‌కి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్లు వస్తాయి, లైసెన్స్ లేకుండా ఆ పని మాత్రం చేయకండి, ఇది గట్టిగానే చెప్తున్నా. నాకు ఇంకా రాలేదు, చదువుతున్నా, అందుకే బిట్‌ఎక్స్20లో (14 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ది) రిసీవర్ సగం మాత్రమే కట్టా. రాగి పూత బోర్డు మీద నేరుగా సోల్డర్ చేస్తూ పోవడమే, ఫిల్టర్‌కి 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు, వీఎఫ్ఓ (స్టేషన్ మార్చడానికి తిప్పే ఆసిలేటర్) 4 మెగాహెర్ట్జ్ దగ్గర, రెండూ కలిస్తే 14, చివర్లో శబ్దం పెంచే ఎల్ఎం386 చిప్పు. మూడు ఆదివారాలు పట్టింది.

ఇక్కడే పీఎల్-330 మళ్లీ పనికొచ్చింది. వీఎఫ్ఓ పనిచేస్తోందో లేదో చూడ్డానికి నా దగ్గర మీటర్లేం లేవు, ఈ రేడియోని పక్కన పెట్టి 4000 దగ్గర నుంచి మెల్లగా తిప్పుతూ పోతే 4112 దగ్గర సన్నగా ఈల వినిపించింది, అంటే నా కాయిల్ బతికే ఉంది. సరిగ్గా అతకని టంకం (కోల్డ్ సోల్డర్) ఎక్కడైనా ఉంటే ఆ ఈల గొంతు వణుకుతుంది, వేలితో తట్టి చూస్తే తెలిసిపోతుంది. నా వీఎఫ్ఓ ఫ్రీక్వెన్సీ ఫ్యాన్ వేస్తే జారుతోంది, పావుగంటలో కిలోహెర్ట్జ్ పైనే. ఈ ఆదివారం కాయిల్ మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, పైన స్వీట్ల డబ్బా రేకు మూత పెట్టి చూస్తా.